నెట్ పోయినా లైటు వెలగాలి: స్మార్ట్ పరికరాలన్నిటినీ ఇంట్లోంచే నడిపే పద్ధతి

కొర్లగుంటలో మంచం మీద కూర్చుని ఫోన్లో బటన్ నొక్కుతారు. ఆ ఆదేశం ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ సర్వరుకు వెళ్ళి, అక్కడినుంచి వెనక్కి వచ్చి, మన రౌటర్ దాటితే గానీ పక్క గదిలో బల్బు వెలగదు. బజారులో దొరికే స్మార్ట్ బల్బులు, ప్లగ్గుల్లో చాలావరకు ఇంతే. నెట్ బాగున్నన్నాళ్ళు ఈ చుట్టుతిరుగుడు ఎవరికీ పట్టదు. నవంబరు వానల్లో స్తంభం మీది ఫైబర్ తెగినప్పుడు తెలుస్తుంది. తిరుపతి వీధుల్లో నీళ్ళు పారిన 2021 నవంబరు లాంటి రోజుల్లో అయితే నెట్ ఎప్పుడొస్తుందో అడగడానికి కూడా ఎవరూ దొరకరు.

నెట్ ఒక్కటే కాదు, కంపెనీ కూడా పోవచ్చు. 2016లో రివాల్వ్ అనే హబ్‌ను (ఇంట్లోని స్మార్ట్ పరికరాలన్నిటినీ ఒక్కచోటినుంచి నడిపే పెట్టె) దాని యజమాని అయిన నెస్ట్ కంపెనీ ఆపేస్తే, కొన్నవాళ్ళ దగ్గర ఖాళీ డబ్బాలు మిగిలాయి. 2022 ఏప్రిల్‌లో అమెరికాలో ఇన్‌స్టియాన్ అనే స్మార్ట్ పరికరాల కంపెనీ సర్వర్లు చెప్పాపెట్టకుండా ఆగిపోయాయి. తర్వాత వాడకందార్లే ముందుకొచ్చి ఆ సంస్థను కొన్నారు కాబట్టి సరిపోయింది.

నేను పాటించే లెక్క ఇది. గోడ మీది స్విచ్ హబ్ చచ్చినా పనిచెయ్యాలి. హబ్ నెట్ లేకపోయినా పనిచెయ్యాలి. నెట్ మనం ఊళ్ళో లేనప్పుడు ఇల్లు చూసుకోవడానికి మాత్రమే. ఈ వరస తప్పే పరికరం ఎంత చౌకగా వచ్చినా నేను కొనను.

ముందు ఇంట్లో ఉన్నవాటిని పరీక్షించండి

రౌటర్ ఆపొద్దు, వైఫై ఉండాలి. బయటి నెట్ మాత్రం తెంపాలి. ఫైబర్ పెట్టె, రౌటర్ వేరువేరుగా ఉంటే మధ్యలోని కేబుల్ తీయండి. రెండూ ఒకటే పెట్టె అయితే ఆకుపచ్చ మూతి ఉన్న ఫైబర్ కనెక్టర్‌ను మెల్లగా లాగండి. తీగను మడవొద్దు, కొసను వేలితో ముట్టొద్దు. ఫోన్లో మొబైల్ డేటా ఆపి, పది నిమిషాలు ఆగి, ఒక్కో పరికరాన్నీ యాప్‌లోంచి నొక్కి చూడండి.

కొన్ని మామూలుగానే పలుకుతాయి. కొన్ని ఆన్, ఆఫ్ అవుతాయి గానీ టైమర్లు పనిచెయ్యవు. కొన్ని అసలు ఉలకవు. ఏది ఏ రకమో కాగితం మీద రాసుకోండి. మూడో రకంలో కూడా కొన్నిటిని దారికి తేవచ్చు, ఆ సంగతి కిందికి వచ్చాక చూద్దాం.

హబ్: పాత ల్యాప్‌టాప్ చాలు

ఇంట్లోని పరికరాలన్నిటినీ ఒక్కచోట కలపడానికి నేను సిఫారసు చేసేది హోమ్ అసిస్టెంట్. 2013లో పౌలస్ షౌట్సెన్ మొదలుపెట్టిన ఈ ఉచిత ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, 2024 నుంచి ఓపెన్ హోమ్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చేతిలో ఉంది. వేల రకాల పరికరాలతో మాట్లాడుతుంది, లెక్కలన్నీ మన ఇంట్లోనే చేసుకుంటుంది.

దీన్ని రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు (4 లేదా 5 రకం) మీద నడపడం మామూలు. రాస్ప్‌బెర్రీ పై వాడితే మెమరీ కార్డు మీద నడపకండి. హోమ్ అసిస్టెంట్ ప్రతి మార్పునూ రాసుకుంటూ ఉంటుంది కాబట్టి కార్డు త్వరగా అరిగిపోతుంది. ఎస్ఎస్‌డీ పెట్టండి. ఇంకొక చిక్కు చాలామంది ఎరగరు. పై 4లో కరెంటు పోయినా నడిచే సొంత గడియారమే లేదు. పై 5లో గడియారం ఉంది గానీ దాని బ్యాటరీ విడిగా కొని తగిలించుకోవాలి. కరెంటూ నెట్టూ రెండూ పోయి, కరెంటు మాత్రం తిరిగి వస్తే, నెట్‌లో టైము చూసుకునే దారి లేక రాస్ప్‌బెర్రీ పై తప్పు టైముతో లేస్తుంది. సాయంత్రం ఆరుకు వెలగాల్సిన వాకిలి లైటు ఏ అర్ధరాత్రో వెలుగుతుంది.

అందుకే నా ఓటు అటక మీది పాత ల్యాప్‌టాప్‌కే. గడియారం ఉంది, హార్డ్ డిస్కు ఉంది, బ్యాటరీ ఇంకా కాస్త పనిచేస్తుంటే అదే యూపీఎస్. 64 బిట్ ప్రాసెసర్, యూఈఎఫ్ఐ బూట్, 2 జీబీ పైన ర్యామ్ ఉంటే సరిపోతుంది. అయితే మన ఎండలకు, రోజంతా ఛార్జింగ్‌లో ఉన్న పాత బ్యాటరీ ఉబ్బొచ్చు. నెలకోసారి తిరగేసి చూడండి. ఉబ్బితే తీసేసి, ఇన్వర్టర్ లైను మీద నడపండి.

ఎక్కించే పద్ధతి ఇది. హోమ్ అసిస్టెంట్ సైటులో జెనెరిక్ ఎక్స్86-64 అని ఉండే ఇమేజ్ (మొత్తం సాఫ్ట్‌వేర్ ఉన్న ఒకే ఫైలు) దించుకోండి. ల్యాప్‌టాప్‌ను ఉబుంటు పెన్‌డ్రైవ్‌తో లేపి, ఎచర్ లాంటి టూల్‌తో ఆ ఇమేజ్‌ను లోపలి డిస్కు మీదికి రాయండి. డిస్కులో ఉన్నదంతా పోతుంది, పాత ఫొటోలుంటే ముందే తీసుకోండి. తర్వాత ల్యాప్‌టాప్‌ను వైఫైతో కాకుండా కేబుల్‌తో రౌటర్‌కు కలిపి ఆన్ చెయ్యండి. మొదటిసారి ఇరవై నిమిషాల దాకా పట్టొచ్చు, తెర మీద ఏమీ కదలడం లేదని టెన్షన్ పడి ఆపెయ్యకండి. ఫోన్లో బ్రౌజరు తెరిచి హోమ్‌అసిస్టెంట్ డాట్ లోకల్, కోలన్ 8123 అని కొడితే స్వాగతం పేజీ వస్తుంది. ఇంటి చోటు అడిగినప్పుడు మ్యాపులో సరిగ్గా పెట్టండి. సూర్యోదయ, సూర్యాస్తమయాలను నెట్‌తో పని లేకుండా ఆ చోటును బట్టే లెక్క కడుతుంది. తిరుపతిలో నవంబరులో 5:40 ప్రాంతంలో పొద్దు గూకితే, జులైలో 6:45 అవుతుంది. వాకిలి లైటుకు గడియారం టైము కాకుండా సూర్యాస్తమయం పెట్టమనేది అందుకే.

రౌటర్‌లో చెయ్యాల్సిన మూడు పనులు

హబ్‌కు ఎప్పుడూ ఒకే ఐపీ అడ్రస్ వచ్చేలా డీహెచ్‌సీపీ రిజర్వేషన్ పెట్టండి. వైఫై స్మార్ట్ పరికరాలకు కూడా పెడితే మేలు.

వైఫై పరికరాల్లో ఎక్కువ భాగానికి 2.4 గిగాహెర్ట్జ్ మాత్రమే తెలుసు. మీ రౌటర్ 2.4నూ 5నూ ఒకే పేరుతో ఇస్తుంటే, కొత్త బల్బును కలిపేటప్పుడు మొరాయిస్తుంది. 2.4కు విడిగా ఒక పేరు పెట్టండి. అలాగని గెస్ట్ వైఫైలో పడెయ్యకండి. గెస్ట్ నెట్‌వర్కు సాధారణంగా పరికరాలను ఒకదానికొకటి కనబడనివ్వదు కాబట్టి హబ్‌కు బల్బు దొరకదు. ఏపీ ఐసొలేషన్ అనే సెట్టింగు ఉంటే అదీ ఆఫ్‌లో ఉండాలి.

మూడోది ఛానెల్. జిగ్బీ అంటే స్మార్ట్ పరికరాలు తమలో తాము మాట్లాడుకునే ఇంకో రేడియో పద్ధతి. జిగ్బీ, వైఫై రెండూ 2.4 గిగాహెర్ట్జ్ మీదే నడుస్తాయి. వైఫైని ఆటో మీద వదలకుండా 1 లేదా 6 మీద కట్టేసి, జిగ్బీకి 25 ఇస్తే ఒకదాని గోల ఇంకొకదానికి తగలదు. 26 మాత్రం వద్దు, కొన్ని పరికరాలు ఆ ఛానెల్‌లో సరిగ్గా పలకవు. ఇది మొదట్లోనే తేల్చుకోవాలి. ఇరవై పరికరాలు కలిపాక ఛానెల్ మారిస్తే కొన్నిటిని మళ్ళీ మొదటినుంచి జత చెయ్యాల్సి రావచ్చు.

ఉన్న వైఫై పరికరాలను దారికి తేవడం

మన దగ్గర రకరకాల బ్రాండ్ల పేర్లతో అమ్మే బల్బులు, ప్లగ్గులు చాలావరకు లోపల ట్యుయా వేదిక మీద నడిచేవే. డబ్బా మీద స్మార్ట్ లైఫ్ యాప్ పేరు కనిపిస్తే అనుమానం అక్కర్లేదు. వీటికి ఇంట్లోంచే ఆదేశం ఇవ్వొచ్చు గానీ ఒక తాళంచెవి కావాలి. దాన్ని లోకల్ కీ అంటారు. ట్యుయా డెవలపర్ సైటులో ఉచిత ఖాతా తెరిచి, మీ యాప్ ఖాతాను దానికి కలిపితే ఒక్కో పరికరం కీ కనిపిస్తుంది. ఆ కీతో హోమ్ అసిస్టెంట్‌లో లోకల్ ట్యుయా గానీ ట్యుయా లోకల్ గానీ అనే అదనపు సాఫ్ట్‌వేర్ పెట్టుకోండి. పేర్లు తిరగేసినట్టున్నా ఇవి వేరువేరు. రెండోది పరికరాన్ని తానే గుర్తుపట్టడానికి చూస్తుంది కాబట్టి కొత్తవాళ్ళకు సులువు.

రెండు జాగ్రత్తలు. పరికరాన్ని రీసెట్ చేసి మళ్ళీ కలిపితే కీ మారిపోతుంది. కొన్ని పరికరాలు ఒకసారి ఒక్కరితోనే మాట్లాడతాయి, ఫోన్లో యాప్ తెరిచి ఉంటే హబ్‌కు బిజీ. అన్నీ సర్దుకున్నాక రౌటర్‌లో వాటికి బయటి నెట్ ఆపెయ్యొచ్చు. అయితే నెట్ దొరక్క కొన్ని మాటిమాటికీ తెగిపోతుంటాయి. అలాంటివాటికి నెట్ వదిలెయ్యండి, పంతం అక్కర్లేదు.

ఏసీకి వేరే దారి. బ్రాడ్‌లింక్ లాంటి ఐఆర్ బ్లాస్టర్ (రిమోట్‌లా సిగ్నల్ పంపే పెట్టె) హోమ్ అసిస్టెంట్‌తో ఇంట్లోంచే పనిచేస్తుంది. ఏసీ ఆన్ అయిందో లేదో దానికి తెలియదు, రిమోట్ నొక్కిందంతే. నిజంగా తిరుగుతోందో లేదో చూడాలంటే కరెంటు కొలిచే ప్లగ్గు కావాలి.

కొత్తవి కొనేముందు ఒక్క మాట చూడండి

హోమ్ అసిస్టెంట్ సైటులో తాను కలుపుకోగలిగే ఒక్కో బ్రాండ్‌కూ, ఒక్కో రకానికీ ఒక పేజీ ఉంటుంది. అందులో సాధారణంగా లోకల్ పుష్, లోకల్ పోలింగ్, క్లౌడ్ పుష్, క్లౌడ్ పోలింగ్‌లలో ఏదో ఒకటి రాసి ఉంటుంది. లోకల్ అని ఉంటేనే డబ్బులు కట్టండి. డబ్బా మీద మ్యాటర్ గుర్తు ఉంటే మంచిదే. 2022లో వచ్చిన ఆ ప్రమాణం ఇంట్లోంచే నడవడానికి రాసుకున్నది. కాకపోతే రౌటర్‌లో ఐపీవీ6 ఆపి ఉంటే మ్యాటర్ తిప్పలు పెడుతుంది.

నాకు నచ్చేది మాత్రం జిగ్బీ. దానికి వైఫైతోనూ పని లేదు, నెట్‌తోనూ పని లేదు. ల్యాప్‌టాప్‌కు ఒక జిగ్బీ డాంగిల్ (యూఎస్‌బీలో గుచ్చే చిన్న రేడియో) పెడితే చాలు. సోనాఫ్ కంపెనీ డాంగిళ్ళలో P, E అనే రెండు రకాలూ బాగా నడుస్తాయి. డాంగిల్‌ను నేరుగా గుచ్చకుండా మీటరు పొడవు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ తీగ చివర పెట్టండి. యూఎస్‌బీ 3 పోర్టుల దగ్గర పుట్టే రొద ఈ తరంగాలను మింగేస్తుంది. జిగ్బీ పనికిరాదని విసుక్కునేవాళ్ళలో చాలామందికి ఈ తీగ ఒక్కటే కరువు. సాఫ్ట్‌వేర్‌గా మొదట్లో జెడ్‌హెచ్ఏ చాలు. రకరకాల బ్రాండ్లు కలుపుతుంటే జిగ్బీ2ఎంక్యూటీటీ మెరుగు.

కరెంటు మీద నడిచే జిగ్బీ పరికరాల్లో చాలావరకు పక్కవాటి మాటలు ముందుకు అందిస్తాయి, బ్యాటరీవి అందించవు. కాబట్టి ముందు ప్లగ్గులు, రిలేలు (గోడ స్విచ్ వెనక కూర్చునే చిన్న స్మార్ట్ స్విచ్‌లు) పెట్టండి, తర్వాతే సెన్సర్లు.

బల్బా, రిలేనా?

తిరుపతిలో ఇల్లంటే దర్శనానికి వచ్చే చుట్టాలకు సత్రం లాంటిది. తెల్లవారుజామున అలిపిరి మెట్లెక్కడానికి లేచే పెద్దమ్మకు మీ యాప్ అక్కర్లేదు. పోతూ పోతూ అలవాటుగా గోడ స్విచ్ ఆపేస్తుంది, తప్పేమీ కాదు. ఆ స్విచ్ వెనక స్మార్ట్ బల్బు ఉంటే అది చచ్చినట్టే, జిగ్బీ బల్బైతే దాని మీద ఆధారపడ్డ సెన్సర్ కూడా మూగబోతుంది. అందుకే బల్బు మామూలుదే ఉంచి, స్విచ్ వెనక బోర్డులో చిన్న రిలే మాడ్యూల్ పెట్టండి. పెద్దమ్మ స్విచ్ నొక్కినా వెలుగుతుంది, ఫోన్లో నొక్కినా వెలుగుతుంది.

రిలేకు ఫేజ్‌తోబాటు న్యూట్రల్ కావాలి. స్విచ్ బోర్డులో న్యూట్రల్ ఉండదని విదేశీ వీడియోలు చూసి భయపడతారు గానీ, మన బోర్డుల్లో సాధారణంగా స్విచ్‌ల పక్కనే ఒక ప్లగ్ సాకెట్ ఉంటుంది కదా, ఆ సాకెట్‌కు న్యూట్రల్ వచ్చే ఉంటుంది. దాన్నుంచే తీసుకోవచ్చు. సాకెట్ లేని బోర్డులు, అంటే మంచం పక్కన టూవే స్విచ్, మెట్ల దగ్గరది, బాత్రూం బయటిది, ఇవే చిక్కు. అక్కడ రిలే వదిలేసి, గోడకు అతికే బ్యాటరీ జిగ్బీ బటన్ పెట్టండి.

పని మొదలుపెట్టే ముందు ఎంసీబీ ఆపి, టెస్టర్‌తో ప్రతి తీగనూ చూడండి. ఎరుపు ఫేజ్, నలుపు న్యూట్రల్ అని రంగు నమ్మి చెయ్యి పెట్టొద్దు. పాత ఇళ్ళలో ఆ రోజు చేతికి ఏ చుట్ట దొరికితే ఆ రంగు వేసి ఉంటారు. అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. మన ఎలక్ట్రీషియన్లకు రిలే కొత్తేమీ కాదు, మోటరు పెట్టెల్లో రోజూ చూసేదే. మాడ్యూల్ మీది ఎస్1, ఎస్2 అన్నచోట పాత స్విచ్ తీగలు వస్తాయని ఒక్క మాట చెబితే మిగతాది ఆయనే చూసుకుంటాడు. మీటరు వైపు, సీలు ఉన్నచోట మాత్రం ఎవరూ వేలు పెట్టకూడదు.

ఫ్యాన్‌కు లైటు డిమ్మర్ పెట్టకండి, గుయ్‌మంటుంది, మోటారు వేడెక్కుతుంది. ఫ్యాన్ కోసమే చేసిన మాడ్యూల్ కొనండి. గీజర్‌కు 10 ఆంపియర్ల ప్లగ్గు వద్దు. 2 కిలోవాట్ల గీజర్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది, 3 కిలోవాట్లది 13. కనీసం 16 ఆంపియర్లది కావాలి, అంతకన్నా ఎక్కువైతే ఇంకా నయం.

మాడ్యూల్ పెట్టగానే కరెంటు వచ్చినప్పుడు ఏం చెయ్యాలన్న సెట్టింగు చూడండి. లైట్లకు పాత స్థితి అని పెట్టండి. ఆన్ అని వదిలేస్తే రాత్రి రెండింటికి కరెంటు పోయి వచ్చినప్పుడల్లా ఇల్లంతా వెలిగి అందరూ లేస్తారు.

మోటరు: ఇక్కడ తొందర పనికిరాదు

నిజం చెప్పాలంటే మన ఊళ్ళలో హోమ్ ఆటోమేషన్‌కు అసలు గిరాకీ మోటరు దగ్గరే. కొళాయి నీళ్ళు సంపులో పడతాయి, సంపులోంచి మిద్దె మీది ట్యాంకుకు ఎక్కించాలి. మోటరు వేసి మరిచిపోతే మిద్దె మీంచి నీళ్ళు వీధిలోకి పోతాయి. సంపు ఖాళీగా ఉన్నప్పుడు వేస్తే మోటరు కాలిపోతుంది.

స్మార్ట్ రిలే చివర నేరుగా మోటరు తగిలించకూడదు. 1 హెచ్‌పీ మోటరు 746 వాట్లే కదా, 10 ఆంపియర్ల రిలే చాలుననిపిస్తుంది. కానీ మొదలయ్యే క్షణంలో అది మామూలుకన్నా ఎన్నో రెట్లు లాగుతుంది. కొన్నాళ్ళకు రిలే లోపలి కాంటాక్టులు అతుక్కుపోతాయి. అప్పుడు ఫోన్లో ఆఫ్ అని కనిపిస్తుంది, మోటరు తిరుగుతూనే ఉంటుంది. కాబట్టి రిలే ఒక కాంటాక్టర్ (భారీ కరెంటు మోసే పెద్ద స్విచ్) కాయిల్‌ను మాత్రమే నడపాలి, మోటరు భారం కాంటాక్టర్ మొయ్యాలి. 230 వోల్టుల కాయిల్ ఉన్న కాంటాక్టర్ తిరుపతిలోనైనా చిత్తూరులోనైనా పెద్ద ఎలక్ట్రికల్ షాపుల్లో దొరుకుతుంది. జిగ్బీ డాంగిల్ లాంటివే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి.

ఇప్పుడు కాపలా. ట్యాంకులో ఒక ఫ్లోట్ స్విచ్, సంపులో ఒక ఫ్లోట్ స్విచ్ వేయించి, రెండిటినీ ఆ కాంటాక్టర్ కాయిల్‌కు వెళ్ళే తీగలోనే వరుసగా కలపమనండి. ట్యాంకులోది పైకి తేలితే దారి తెగాలి, సంపులోది తేలి ఉంటేనే దారి కలవాలి. ఫ్లోట్‌కు మూడు తీగలుంటాయి, ఏ రెండు వాడామన్నదాన్ని బట్టి ఈ తేడా వస్తుంది. ఇలా చేశాక హబ్ ఏ తప్పు ఆదేశం ఇచ్చినా ట్యాంకు పొర్లదు, మోటరు ఎండదు. నీళ్ళలో కరెంటు తీగ దిగుతోంది కాబట్టి ఎర్తింగ్, 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే లైను తెంపే స్విచ్) తప్పనిసరి.

ఆపైన టైము పరిమితి. అది హబ్‌లో కాకుండా రిలేలోనే ఉండాలి, ఎందుకంటే మోటరు తిరుగుతుండగా హబ్ ఆగిపోతే ఆపమని చెప్పేవాళ్ళుండరు. రిలేలో టాస్మోటా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంటే పల్స్‌టైమ్ అనే ఆదేశం ఉంది. పెద్ద విలువల్లోంచి వంద తీసేస్తే ఎన్ని సెకన్లో వస్తుంది. మీ ట్యాంకు నిండడానికి పాతిక నిమిషాలు పడుతుంటే అరగంట పరిమితి పెట్టండి. అరగంటంటే 1800 సెకన్లు, పల్స్‌టైమ్ 1900. జిగ్బీ రిలేల్లో కొన్నిటికి కౌంట్‌డౌన్ అని ఉంటుంది. కరెంటు తిరిగి వచ్చినప్పుడు మోటరు రిలే ఎప్పుడూ ఆఫ్‌లోనే లేవాలి, ఇందులో రాజీ లేదు.

ట్యాంకులో నీళ్ళు ఎంత ఉన్నాయో ఫోన్లో చూడాలంటే ఈఎస్‌పీహోమ్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించిన ఈఎస్‌పీ32 అనే చిన్న వైఫై బోర్డుకు నీళ్ళు తగిలినా తట్టుకునే అల్ట్రాసోనిక్ సెన్సర్ కలిపి, సెన్సర్‌ను మాత్రం ట్యాంకు మూతకు బిగించండి. ఆ రకం సెన్సర్‌కు దగ్గరి ఇరవై, పాతిక సెంటీమీటర్లు కనబడవు, నీటి మట్టం అంతకన్నా పైకి వస్తే పిచ్చి అంకెలు చూపిస్తుంది. దాన్ని చూసి సంతోషపడటానికే వాడండి, మోటరు ఆపే బాధ్యత ఫ్లోట్‌దే. బోర్డును ఎండలో పెట్టకుండా మెట్ల గదిలో పెట్టండి.

బోరు మోటరు సంగతి వేరు. దాని ప్యానెల్లో కెపాసిటర్లు, స్టార్ట్, స్టాప్ బటన్లు ఉంటాయి. ప్యానెల్ చూడకుండా ఎవరు చెప్పిన వైరింగూ నమ్మొద్దు, దాన్ని బిగించిన మెకానిక్‌తోనే చేయించండి.

ఆటోమేషన్లు కొంచెమే రాయండి

మొదటి నెలలో మూడు చాలు. సూర్యాస్తమయానికి వాకిలి లైటు. రాత్రి పదకొండు తర్వాత హాల్లోంచి బాత్రూం దాకా మనిషి కదిలితే సన్నటి వెలుతురు, రెండు నిమిషాల తర్వాత ఆఫ్. మోటరు మొదలైనప్పుడు, ఆగినప్పుడు ఫోన్‌కు కబురు. హోమ్ అసిస్టెంట్‌లో ప్రతి ఆటోమేషన్‌కూ ట్రేస్ అనే పేజీ ఉంటుంది, ఏ మెట్టు దగ్గర ఆగిందో చూపిస్తుంది. ఏదైనా పనిచెయ్యకపోతే ముందు అది చూడండి. జిగ్బీలో బైండింగ్ అని ఒక సదుపాయం ఉంది. బటన్‌ను నేరుగా రిలేతో ముడిపెడితే మధ్యలో హబ్ లేకపోయినా లైటు వెలుగుతుంది. అన్ని బటన్లూ ఒప్పుకోవు గానీ, ఒప్పుకునేవాటికి మంచం పక్కన చోటివ్వండి.

మాటతో నడపడం నెట్ లేకుండా కూడా సాధ్యమే, మాటను అక్షరాలుగా మార్చే విస్పర్, అక్షరాలను గొంతుతో పలికే పైపర్ హబ్‌లోనే నడుస్తాయి. కానీ పాత ల్యాప్‌టాప్ మీద తెలుగు మాటను పట్టడంలో ఇంకా తడబడుతుంది. దానికోసం ఆగొద్దు.

ఊరి బయటినుంచి, ఆ తర్వాత

బెంగళూరు నుంచో చెన్నై నుంచో ఇల్లు చూడాలంటే రౌటర్‌లో 8123 పోర్టును బయటికి తెరవకండి. టెయిల్‌స్కేల్ లాంటి వీపీఎన్ (నెట్ మీద మన సొంత రహస్య దారి) హబ్‌లోనూ ఫోన్లోనూ పెట్టుకుంటే సరిపోతుంది. మీ ఇంటర్నెట్ వాళ్ళు సొంత పబ్లిక్ ఐపీ ఇవ్వకపోయినా అది పనిచేస్తుంది. నెలనెలా డబ్బు కట్టడానికి అభ్యంతరం లేకపోతే నబూ కాసా వాళ్ళ సేవ ఉంది, ఆ సొమ్ము హోమ్ అసిస్టెంట్ అభివృద్ధికే వెళ్తుంది.

సెట్టింగుల్లో ఆటోమేటిక్ బ్యాకప్ పెట్టి, నకలు ఇంకో చోటికి వెళ్ళేలా చూడండి, అప్పుడప్పుడూ చేత్తో పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకున్నా పర్వాలేదు. బ్యాకప్‌కు తాళంచెవి ఒకటి ఇస్తుంది, దాన్ని ఆ ల్యాప్‌టాప్‌లోనే దాచుకుంటే ల్యాప్‌టాప్ పోయిన రోజు రెండూ పోతాయి. కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. ప్రతి స్విచ్ బోర్డు మూత లోపలి వైపు, ఏ మాడ్యూల్ ఏ లైటుదో మార్కర్‌తో రాయండి. రేపు వచ్చే ఎలక్ట్రీషియన్‌కు అదే ఆధారం.

హోమ్ అసిస్టెంట్ కొత్త వెర్షన్ నెలకొకటి వస్తుంది. వచ్చిన రోజే ఎక్కించాల్సిన తొందర లేదు. వారం ఆగి, ఏమేం మారాయో చదివి, బ్యాకప్ తీసుకుని ఎక్కించండి. ఇంటికి చుట్టాలు దిగే రోజు సాయంత్రం మాత్రం ఆ బటన్ జోలికి పోకండి.